గోడ జివ్వుమంది

భద్రతా దినోత్సవం అనగానే మనకు స్ట్రాంగ్ రూమ్, అలారం గుర్తొస్తాయి. నేను మా ఇంటి సెల్లార్ గురించి చెబుతాను.

నాన్నగారు 1979లో కట్టించిన ఇల్లు అది. సెల్లార్‌ను అబ్బాయికి చదువుకునే గదిగా మార్చాలని టైల్స్‌కు, ఫాల్స్ సీలింగ్‌కు అంచనా వేయించాను. వైరింగ్‌కు కేటాయించింది సున్నా. "తడిస్తే ఆ గోడ జివ్వుమంటోందిరా" అని అమ్మ రెండు వానాకాలాలుగా చెబుతూనే ఉంది. చాదస్తం అనుకున్నాను.

ఎలక్ట్రీషియన్ చెక్క పట్టీ ఊడదీసి చూపించాడు. అల్యూమినియం తీగ, పెళుసెక్కి రాలిపోతున్న తొడుగు, ఎర్తు లేని రెండు పిన్నుల సాకెట్లు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఒకప్పుడు నేనే చుట్టిన లావు తీగ కూడా అలాగే ఉంది. రుణ ప్రతిపాదనల్లో లొసుగులు వెతికేవాణ్ణి, తల దించుకున్నాను.

మొత్తం రాగి తీగ వేయించాం: లైట్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లు. కొత్త ఎర్తు గొయ్యి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఇది. పెట్టిన రోజే నాలుగుసార్లు ట్రిప్ అయింది. విసుగొచ్చి తీసేద్దామా అన్నాను. "ట్రిప్ అవడమే దాని పని సార్, ఎందుకయిందో చూద్దాం" అన్నాడతను. వెతికితే పై అంతస్తు పాత బోర్డులో న్యూట్రల్, ఎర్తు కలిసి ఉన్నాయి.

ఫాల్స్ సీలింగ్ డబ్బు దీనికే సరిపోయింది. ఈ వేసవిలో ఎవరైనా ఇంటి పని పెట్టుకుంటుంటే అంచనా కాగితం తీసుకురండి, లంచ్‌లో కలిసి చూద్దాం.