కొండెక్కిన డెంగీ

నేపాల్‌లో డెంగీ తొలిసారి బయటపడింది 2004లో. 2022 నాటికి అది మొత్తం 77 జిల్లాలకూ పాకింది. ఆ ఒక్క ఏడాదే 54 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి, 88 మంది చనిపోయారు. సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ఖాట్మండు లోయ కూడా తప్పించుకోలేదు. అంత ఎత్తున డెంగీ పాకడం మామూలుగా కష్టం. ఎందుకంటే, రోగిని కుట్టిన దోమ మర్నాడే ఇంకొకరికి జబ్బు అంటించలేదు. కడుపులో చేరిన వైరస్ పెరిగి, లాలాజల గ్రంథులదాకా వెళ్లాలి. 25 డిగ్రీల వేడిలో దానికి దాదాపు 15 రోజులు పడుతుంది, 30 డిగ్రీల్లో వారం చాలు. ఆడదోమ బతికేదే కొద్ది వారాలు. చల్లని చోట చాలా దోమలు ఆలోపే చచ్చిపోతాయి. కొండలను ఇన్నాళ్లూ కాచింది ఆ చలే. ఇప్పుడది తగ్గుతోంది.

డెంగీ కొండెక్కడానికి రాకపోకలు, ఇరుకు పట్టణాలు, డ్రమ్ముల్లో నిల్వనీళ్లే అసలు కారణం కదా అంటారు కొందరు. నిజమే, వైరస్ బస్సెక్కే వస్తుంది. కానీ దిగినచోట నిలదొక్కుకోవాలంటే దానికి వెచ్చదనం కావాలి. మరి ఎండ ముదిరితే దోమలే చావవా? చస్తాయి. 35 డిగ్రీలు దాటితే వ్యాప్తి మందగిస్తుంది. మన మండువేసవిలో డెంగీ తగ్గడానికి అదొక కారణం. ఖాట్మండు మాత్రం ఆ హద్దుకు ఇంకా చాలా దిగువనే ఉంది. అక్కడ పెరిగే వేడి దోమకే కలిసొస్తుంది.