దిక్కులేని లెన్సులు, దిట్టమైన గాజు



1987 మార్చిలో కానన్ కంపెనీ ఈఓఎస్ 650 అనే కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. ఆటోఫోకస్ కోసం దానికి ఈఎఫ్ అనే సరికొత్త మౌంటు పెట్టింది. అంతవరకూ పదహారేళ్లపాటు తానే తయారుచేసి అమ్మిన ఎఫ్‌డీ లెన్సుల్లో ఒక్కటి కూడా ఆ కెమెరాకు పట్టదు. అప్పులు చేసి మరీ ఎఫ్‌డీ లెన్సులు కొనుక్కున్నవాళ్లు లబోదిబోమన్నారు. రెండేళ్ల ముందు, 1985లో, మినోల్టా కూడా ఇదే పని చేసింది. కొత్త ఆటోఫోకస్ మౌంటు వచ్చింది, దాని పాత రొక్కర్ లెన్సులు వీధిన పడ్డాయి.

ఆ లెన్సుల్లో గాజు మాత్రం ఏమీ మారలేదు. నిన్నటిదాకా పత్రికల ముఖచిత్రాలు తీసిన లెన్సు తెల్లారేసరికి పనికిమాలినదైపోదు కదా! పోయిందల్లా దాన్ని తగిలించుకునే కెమెరా. ఈ పూట చెప్పుకోబోయే చవక లెన్సుల కథంతా ఈ తేడాలోనే ఉంది. పాత లెన్సు తక్కువ ధరకు దొరికితే నాసిరకమేమోనని అనుమానించడం సహజం. చాలాసార్లు ఆ ధర గాజును చూసి కట్టింది కాదు, మౌంటును చూసి కట్టింది.

ఈ దిక్కులేని లెన్సులకు మళ్లీ దిక్కు చూపించినవి మిర్రర్‌లెస్ కెమెరాలు. ఇక్కడ చిన్న లెక్క ఒకటి చూడాలి. ప్రతి కెమెరాలోనూ లెన్సు ఆనే మౌంటు అంచుకూ, ఫిల్ముకూ మధ్య ఖచ్చితమైన దూరం ఒకటి ఉంటుంది. కానన్ ఎఫ్‌డీకి అది 42 మిల్లీమీటర్లు, ఈఎఫ్‌కు 44. ఎలాగోలా పాత లెన్సును కొత్త ఈఓఎస్ కెమెరాకు బిగించినా, అది ఉండాల్సిన చోటుకంటే రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. రెండు మిల్లీమీటర్లతో ఏం కొంప మునిగిందంటారా? 50 మి.మీ. లెన్సయితే మీటరు పైచిలుకు దూరం దాటిన వస్తువేదీ ఫోకస్ కాదు. చేతిలో పువ్వు బాగా పడుతుంది, ఎదుటి గోపురం మాత్రం మసకే. మధ్యలో దిద్దుబాటు గాజు పెట్టిన అడాప్టర్లు వచ్చాయి గానీ, చవకబారు గాజు మంచి లెన్సును కూడా చెడగొట్టింది.

2008లో పానసోనిక్ జీ1, 2010లో సోనీ ఎన్‌ఈఎక్స్, 2013లో ఫుల్‌ఫ్రేమ్ సెన్సరుతో సోనీ ఏ7 వచ్చాయి. కెమెరా లోపల పైకీ కిందికీ ఆడే అద్దాన్ని తీసేయడంతో ఆ దూరం ఒక్కసారిగా కుంచించుకుపోయింది. సోనీ ఈ మౌంటుకు అది 18 మిల్లీమీటర్లే. 42లోంచి 18 తీస్తే మిగిలేది 24. అంటే 24 మిల్లీమీటర్ల ఖాళీ గొట్టం ఒకటి మధ్యలో పెడితే ఎఫ్‌డీ లెన్సు తన అసలు చోట్లో కూర్చుంటుంది. గొట్టంలో గాజు ఉండదు, వైర్లు ఉండవు, ఉన్నదంతా గాలే. మరమేకులా తిప్పి బిగించే ఎం42 లెన్సులకు కావలసిన దూరం 45.46 మి.మీ. వాటికి గొట్టం ఇంకాస్త పొడవు, అంతే తేడా. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. కానీ తెర మీద ఫోకస్ పడిన అంచులు ఎర్రగానో పసుపుగానో మెరుస్తాయి, కావాలంటే ఆ భాగాన్నే పెద్దది చేసి చూసుకోవచ్చు. పాతకాలం ఫోటోగ్రాఫర్లకు ఈ సుఖం లేదు.

సరే, తగిలించడం కుదిరింది. అరవై ఏళ్ల నాటి లెన్సు నేటి సెన్సరు మీద ఎందుకు నిలబడుతోంది?

దీనికి జవాబు 1896లో ఉంది. ఆ ఏడు జర్మనీలో, జెనాలోని జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ ప్లానార్ అనే లెన్సు రూపొందించాడు. గణితవేత్త గౌస్ టెలిస్కోపు కోసం చేసిన రెండు గాజుల అమరికను రెట్టించి, అపర్చర్‌కు అటూ ఇటూ ఎదురెదురుగా నిలబెట్టాడు. అందుకే దీన్ని డబుల్ గౌస్ అంటారు. చాలా లోపాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చక్కటి ఏర్పాటు. అయినా అప్పట్లో అది పెద్దగా చెలామణీ కాలేదు. గాజూ గాలీ కలిసే ప్రతి తలం దగ్గరా దాదాపు ఐదు శాతం వెలుతురు వెనక్కి పోతుంది. అలాంటి తలాలు ఎనిమిది ఉంటే, వచ్చిన వెలుతురులో మూడోవంతు దారిలోనే తప్పిపోతుంది. అదైనా బయటికి పోతే ఫరవాలేదు, కొంత లోపలే అటూ ఇటూ కొట్టుకుని ఫోటో మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. 1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా గాజు మీద పలుచటి పూత పూసి ఈ పరావర్తనాన్ని తగ్గించే పద్ధతికి పేటెంటు పొందాడు. అక్కడి నుంచి డబుల్ గౌస్‌కు ఎదురులేకపోయింది.

1960లు వచ్చేసరికి 50 మి.మీ. లెన్సు తయారీ అన్ని కంపెనీలకూ చేయి తిరిగిన విద్య. పైగా అప్పట్లో కెమెరా కొంటే దాంతోపాటు వచ్చేది జూమ్ కాదు, ఈ 50. అది బాగాలేకపోతే కెమెరాకే చెడ్డపేరు. అందుకే కంపెనీలు దాని మీద శ్రద్ధ పెట్టాయి, లక్షల్లో తయారుచేశాయి. శ్రద్ధతో నాణ్యత వచ్చింది, లక్షల్లో ఉండబట్టి ఇవాళ చవగ్గా దొరుకుతోంది. నేటి ఎఫ్ 1.8 లెన్సుల్లో చాలావాటిని విప్పినా అదే రుడాల్ఫ్ వంశం కనిపిస్తుంది.

ఈ వంశంలోనే పుట్టి లోకమంతా పేరు తెచ్చుకున్న బీదింటి బిడ్డ హీలియోస్-44. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నష్టపరిహారం పద్దు కింద సోవియట్లు జెనాలోని జైస్ నుంచి యంత్రాలనూ, నమూనా చిత్రాలనూ, నిపుణులనూ తరలించుకుపోయారు. అలా చేరిన వాటిలో బయోటార్ 58 మి.మీ. ఎఫ్ 2 డిజైను కూడా ఉంది. దాన్ని తమ గాజుకు తగ్గట్టు మళ్లీ లెక్కగట్టి, మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలో హీలియోస్ పేరుతో తయారుచేశారు. తర్వాత అదే ఫ్యాక్టరీవారి జెనిత్ కెమెరాలకు ఇదే ఇంటి లెన్సయింది. 1965లో మొదలైన జెనిత్-ఈ ఒక్క మోడలే ముప్పై లక్షలకు పైగా తయారైంది.

హీలియోస్ 44-2ను చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసేది బరువు. ప్లాస్టిక్ మచ్చుకైనా లేదు. ముందువైపు ఒకదాని పక్కన ఒకటి రెండు రింగులు. మొదటిదాన్ని ఎఫ్ 4 దగ్గర పెడితే అది హద్దు మాత్రమే. రెండోదాన్ని తిప్పి పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకోవాలి, మళ్లీ ఆ హద్దు దాకా మూసి క్లిక్ చేయాలి. లోపల ఎనిమిది బ్లేడ్లు టకటకమనకుండా జారినట్టు మూసుకుంటాయి. వీడియో తీసేవాళ్లకు ఈ నిశ్శబ్దమే వరం. ఒంటి మీది సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు చాలావరకు తయారైన సంవత్సరం చెబుతాయి. 78తో మొదలైతే 1978 సరుకన్నమాట.

జనం దీని వెంట పడేది మాత్రం బ్యాక్‌గ్రౌండ్ కోసం. ఎఫ్ 2 దగ్గర, చెట్ల ఆకుల సందుల్లోంచి వెలుతురు వచ్చే చోట మనిషిని నిలబెడితే, వెనకాల ఆకులన్నీ ఆ మనిషి చుట్టూ సుడి తిరుగుతున్నట్టు వస్తాయి. ఇది మంత్రం కాదు. ఫోకస్ తలం చదునుగా ఉండక వంగి ఉండటం, అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలను లెన్సు గొట్టమే కొంత కత్తిరించడం, ఈ రెండు లోపాలు కలిసి చేసే గారడీ. నిజానికి పరీక్షలో మార్కులు పోవాల్సిన చోటే హీలియోస్‌కు అభిమానులు పుట్టారు. ‘డ్యూన్: పార్ట్ టూ’ సినిమాకు ఛాయాగ్రాహకుడు గ్రెగ్ ఫ్రేజర్, ఐరన్‌గ్లాస్ అనే సంస్థ కొత్త గొట్టాల్లో బిగించిన సోవియట్ లెన్సులు వాడాడు. కోట్ల డాలర్ల సినిమాకు జెనిత్ కాలం గాజు!

అయినా ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. హీలియోస్‌కు దక్కుతున్న పొగడ్త దాని అర్హతకు కాస్త మించినదే. ఎఫ్ 2 దగ్గర మధ్యభాగం ఫరవాలేదు, మూలలు మెత్తగా ఉంటాయి. ఎండకు ఎదురుగా పెడితే రంగులు వెలిసిపోతాయి. ఫోటో తీసిన ప్రతిసారీ సుడి తిరగాలంటే చూసేవాడి కళ్లూ తిరుగుతాయి. రోజూ పనికొచ్చే పాత లెన్సు కావాలనుకునేవారు ఇంత కథ లేని, చూడటానికి చప్పగా ఉండే వాటి వైపు చూడటం మేలు: కానన్ ఎఫ్‌డీ 50 ఎఫ్ 1.8, మినోల్టా 50 ఎఫ్ 1.7, ఒలింపస్ జుయికో 50 ఎఫ్ 1.8, పెంటాక్స్ వారి టాకుమార్ 55 ఎఫ్ 1.8. వీటిని ఎఫ్ 5.6కు మూసి తీస్తే, వాటికి ఎన్నో రెట్లు ధర పలికే కొత్త లెన్సు తీసిన ఫోటోతో పక్కపక్కన పెట్టినా మధ్యభాగంలో తేడా పట్టడం కష్టం. పూర్తిగా తెరిచినప్పుడు కాంట్రాస్ట్ తగ్గుతుంది, తెల్లచొక్కా అంచున ఊదారంగు గీత కనిపిస్తుంది. మొదటిది కంప్యూటరులో ఇట్టే సరిచేయొచ్చు, రెండోది కొంతవరకు.

టాకుమార్ ప్రస్తావన వచ్చింది కాబట్టి థోరియం సంగతి దాటవేయకూడదు. ఏడు గాజుల 50 మి.మీ. ఎఫ్ 1.4 టాకుమార్‌లో థోరియం కలిపిన గాజు వాడారు. అది కిరణాలను బాగా వంచుతుంది, రంగులను మాత్రం ఎక్కువగా విడగొట్టదు. లెన్సు డిజైనరుకు అంతకంటే కావలసిందేముంది? కానీ థోరియం రేడియోధార్మిక పదార్థం. ఏళ్ల తరబడి థోరియం కిరణాలు తగిలి గాజే పలుచటి టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. కొన్నాళ్లపాటు అతినీలలోహిత దీపం కింద పెడితే ఆ పసుపు చాలావరకు వదిలిపోతుంది. మామూలుగా ఫోటోలు తీసుకునేవారికి ప్రమాదం స్వల్పం. ఆ గాజును గీకడం, అరగదీయడం మాత్రం కూడదు.

ఇంకో రకం లెన్సులున్నాయి, వాటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 1956లో నికాన్ మైక్రో-నిక్కోర్ అనే 5 సెంటీమీటర్ల ఎఫ్ 3.5 లెన్సు తయారుచేసింది. దాని వెనకున్న అవసరం జపాన్ లిపి. పుస్తకాలను మైక్రోఫిల్ము మీదికి ఎక్కించేటప్పుడు, గీతలు దట్టంగా ఉండే కాంజీ అక్షరాలు మామూలు లెన్సుతో అలుక్కుపోయేవి. కాగితం ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే పదునుతో పట్టే లెన్సు కావలసివచ్చింది. 1961లో ఇదే వంశంలో 55 మి.మీ. ఎఫ్ 3.5 వచ్చింది. దాన్ని నేటికీ తక్కువ ధరకు కొనుక్కోవచ్చు. వత్తులూ గుడులూ కిక్కిరిసిన పాత తెలుగు పుస్తకాలనో, తాళపత్రాలనో ఫోటో తీసి భద్రపరిచే పని పెట్టుకున్నవారికి ఇంతకంటే నమ్మకమైన పనిముట్టు ఇంత చవగ్గా దొరకదు.

ఎన్‌లార్జర్ లెన్సులదీ అదే దారి. ఒకప్పుడు మన ఊళ్లలో స్టూడియో అన్నాక డార్క్‌రూమ్, డార్క్‌రూమ్ అన్నాక ఎన్‌లార్జర్ ఉండేవి. కలర్ ల్యాబులొచ్చి, ఆపై డిజిటల్ వచ్చి అవన్నీ అటకెక్కాయి. ఆ ఎన్‌లార్జరుకు 50 మి.మీ. ఎల్-నిక్కోరో, రోడగానో, కాంపోనానో ఉంటే అది చదునైన నెగటివ్‌ను చదునైన కాగితం మీద పడేయడానికి పుట్టిన లెన్సు. ఫోకస్ రింగు ఉండదు కాబట్టి వెనక బెల్లోస్ తగిలించాలి. ఆ తంటా పడగలిగితే చీమ కాళ్లూ, నగల చెక్కుళ్లూ, నాణేల మీది అక్షరాలూ తీయడానికి దివ్యంగా ఉంటుంది. తాతగారి స్టూడియో సామాను పాతసామాన్లవాడికి వేసేముందు ఒకసారి తిరగేయడం మంచిది.

పాతవన్నీ బంగారమే అనుకుంటే చేతులు కాలతాయి. అప్పటి వైడ్ యాంగిల్ లెన్సుల్లో చాలావాటికి మూలలు చెదిరిపోతాయి. ముఖ్యంగా రేంజ్‌ఫైండర్ కెమెరాల వైడ్ లెన్సులు వెలుతురును బాగా ఏటవాలుగా పంపుతాయి. ఫిల్ముకు అది ఫరవాలేదు, సెన్సరు ముందుండే గాజుపలక దాన్ని చెడగొడుతుంది. ఇక పాత జూమ్‌లు, ఒకటీ అరా తప్పితే, కొత్త కెమెరాతో వచ్చే మామూలు జూమ్ ముందు కూడా తేలిపోతాయి. జూమ్‌ల డిజైనుకూ పూతలకూ ఈ నలభై ఏళ్లలో వచ్చిన మార్పు అంతా ఇంతా కాదు.

కొనేటప్పుడు చేతిలో టార్చి ఉండాలి. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి, ముందునుంచి కాస్త పక్కగా చూడాలి. దుమ్ము రేణువులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఫోటోలో అవి తెలియవు. సాలెగూటి పోగుల్లా సన్నగా పాకినవి కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బీరువాలో, తోలు సంచిలో ఏళ్ల తరబడి ఉన్న లెన్సుకు ఇది తప్పని జబ్బు. తొలిదశలో శుభ్రం చేయొచ్చు. ముదిరితే పూతనూ గాజునూ తినేస్తుంది, ఆ మచ్చ పోదు. తర్వాత అపర్చర్ రింగు తిప్పి బ్లేడ్ల మీద నూనె తేలిందేమో చూడాలి. చివరగా ఫోకస్ రింగు. బిగుసుకుపోతే లోపల గ్రీజు ఎండిందని అర్థం. మెకానిక్కు విప్పి కొత్త గ్రీజు పెడితే తిరుగుతుంది, కానీ ఆ కూలి లెన్సు ధరను మించకుండా చూసుకోవాలి.

ధరల విషయంలో ట్రయోప్లాన్ కథ గుర్తుంచుకోదగ్గది. తూర్పు జర్మనీ గోర్లిట్జ్‌లో మేయర్ ఆప్టిక్ చేసిన 100 మి.మీ. ఎఫ్ 2.8 ట్రయోప్లాన్‌లో ఉన్నవి మూడే గాజులు. ఒకనాడు అడిగే దిక్కులేదు. వెలుతురు చుక్కలను అంచు మెరిసే సబ్బు బుడగల్లా చూపిస్తుందని ప్రచారం జరగ్గానే ధర ఆకాశానికి ఎగిరింది. 2015లో దాన్ని కొత్తగా తయారుచేస్తామంటూ కిక్‌స్టార్టర్‌లో డబ్బు కూడా పోగుచేశారు. హీలియోస్ ధర కూడా అదే దారిలో మెల్లగా పైకి పాకుతోంది. ఇంటర్నెట్‌లో ఎవరూ ఇంకా ముద్దుపేరు పెట్టని లెన్సును వెతుక్కోవడమే లాభసాటి బేరం.

ఒక ఉదాహరణతో ముగిద్దాం. టాకుమార్ 55 మి.మీ. లెన్సును ఎఫ్ 1.8గానూ, ఎఫ్ 2గానూ అమ్మారు. రెండింటి గాజు అమరికా ఒకటే. ఎఫ్ 2 చౌక కెమెరాల కోసం ఉద్దేశించినది. దుకాణంలో రెండూ ఉండి, ఎఫ్ 2 తక్కువకు వస్తుంటే నిస్సంకోచంగా అదే తీసుకోవచ్చు. మిగిలిన డబ్బుకు మంచి బిగువున్న అడాప్టర్ వస్తుంది. ఇంటికెళ్లి తగిలించాక షట్టర్ పడకపోతే లెన్సు పాడైందని బెంగపడొద్దు. లెన్సు లేకున్నా షట్టర్ పడేలా కెమెరా మెనూలో ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. బాడీలోనే వణుకు తగ్గించే సదుపాయం ఉన్న కెమెరా అయితే, లెన్సు 55 మి.మీ. అని అక్కడే అంకె వేయాలి.