గడ్డపార పట్టే ముందు ఆలోచించండి

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఒక్క ముచ్చట.

గుప్తనిధులున్నాయని మెటల్ డిటెక్టర్ పట్టుకుని బయటోళ్లు మన అడవుల్లోకి వస్తరు. మిషన్ మోగినకాడ తవ్వమని కూలికి మన పిల్లల్నే పిలుస్తరు. నాణేలు, నగలు దొరికితే వాళ్లవి, దొరికిపోతే కేసు మనది.

1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో పది రూపాయల విలువ దాటింది ఏది దొరికినా కలెక్టరుకు రాసివ్వాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు.

ములుగు జిల్లా దామరవాయి రాకాసి గుళ్లు చూశారా? అవి వేల ఏళ్ల నాటి సమాధులు. అట్లాంటి చోట మట్టి పొరలు చెదిరితే, అక్కడ ఎవరు ఎట్ల బతికారో చెప్పే సాక్ష్యం మళ్లీ దొరకదు.

మన సంస్కృతిని కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. ఊళ్లోకి మిషన్ వస్తే సభ పిలవండి, తీర్మానం రాయండి. గడ్డపార మాత్రం ముట్టకండి.