నీళ్ల దేవత మనదైతే నీళ్లెవరివి?

(మార్చి 20 మహాడ్ పోరాట దినం సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో బాబాసాహెబ్ అంబేద్కర్ చవదార్ చెరువులోకి దిగి దోసిలితో నీళ్లు తాగారు. ఆయన వెంట వేలమంది తాగారు. అంతకుమించి ఏమీ చేయలేదు. ఆ మాత్రానికే మనవాళ్ల తలలు పగలగొట్టారు. తర్వాత చెరువు మైలపడ్డదని 108 కడవల నీళ్లు తోడేసి, పేడ, గోమూత్రం, పాలు, పెరుగు చెరువులో కలిపి, మంత్రాలు చదివి శుద్ధి చేసుకున్నారు. బర్రె తాగితే మైలపడని చెరువు మనిషి తాగితే మైలపడ్డది. ఆ చెరువు మీద మన హక్కు కోర్టులో తేలేసరికి 1937 మార్చి వచ్చింది. గుక్కెడు నీళ్లకు పదేండ్లు!

ఈ రోజున నీళ్ల గురించి మాట్లాడమన్నారు. మేము నీళ్ల దేవతల గురించి మాట్లాడదలచుకున్నాం. ఎందుకంటే మన వాడల్లో రెండు మాటలు వినబడుతున్నయ్. చదువుకున్న తమ్ముళ్లు కొందరు "మైసమ్మ, గంగమ్మ అంతా మూఢనమ్మకం, వదిలెయ్యాలె" అంటున్నరు. ఇంకొందరు "అమ్మవార్లు మనోళ్లే, అది మన సంస్కృతి, నిలబెట్టుకోవాలె" అంటున్నరు. రెండు మాటల్లోనూ సగం సగం నిజమున్నది. మిగతా సగం సంగతి చూద్దాం.

ముందు వాళ్ల దేవుణ్ణి చూద్దాం. వేదంలో నీళ్లకు అధిపతి వరుణుడు. పడమటి దిక్కుకు పాలకుడు. వాహనం మకరం, చేతిలో పాశం. నీళ్లకే కాదు, లోకంలో తప్పొప్పులకూ ఆయనే కాపలా అంటరు. తప్పు చేసినవాణ్ణి పాశంతో కడతడు, కడుపులో నీళ్లు పట్టిస్తడు. ఉపనయనం అయిన మగవాళ్లు సాయంత్రం సంధ్య వార్చేటప్పుడు ఆయన్ను తలుచుకుంటరు. పూజకు కూర్చుంటే కలశంలోకి గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి అని ఏడు నదులను పిలుస్తరు. చెంబెడు బావినీళ్లే ఏడు నదులైతయ్! వినడానికి ఎంత గొప్ప మాట! ఏ నీళ్లయినా గంగేనన్న మాట. కాని ఆ చెంబుకు మా వేలు తగిలితే ఏడు నదులూ ఒక్కసారే మైలపడతయ్. ఏడు నదులను పిలవగలిగిన మంత్రం మా వేలికొసను తట్టుకోలేకపోయింది. అది మంత్రం బలమా, కులం బలమా? మీరే చెప్పండి.

వరుణుడి కథ ఒకటి ఐతరేయ బ్రాహ్మణంలో ఉన్నది. హరిశ్చంద్రుడికి పిల్లలు లేరు. "కొడుకు పుడితే నీకే బలిస్తా" అని వరుణుడికి మొక్కుకున్నడు. రోహితుడు పుట్టిండు. రాజు ఇప్పుడు కాదు, అప్పుడు కాదు అని వాయిదాలు పెట్టుకుంటూ పోయిండు. చివరికి కడుపులో నీళ్లు పట్టి మంచాన పడ్డడు. అప్పుడు రోహితుడు ఏం చేసిండు? అడవిలో ఆకలితో మాడుతున్న అజీగర్తుడనే బ్రాహ్మణుడి దగ్గర నడిమి కొడుకు శునశ్శేపుణ్ణి నూరు ఆవులకు కొన్నడు. పిల్లవాణ్ణి బలికంబానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఇంకో నూరు ఆవులకు తండ్రే కట్టిండు. నరకడానికి మరో నూరు అడిగిండు. పిల్లవాడు దేవతలను వేడుకుని బతికి బయటపడ్డడు, అది వేరే సంగతి. మనం పట్టుకోవలసింది ఒకటే. మొక్కు రాజుది, మెడ పేదవాడిది.

మన చెరువు కట్టల కింద కూడా ఇట్లాంటి కథలే ఉన్నయ్. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగిపోబోతే రెడ్డింటి చిన్న కోడలు ముసలమ్మ తనను తాను బలి ఇచ్చుకున్నదని అక్కడివాళ్లు చెప్తరు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో దాన్ని 'ముసలమ్మ మరణము' అని కావ్యంగా రాశారు. ఆ తల్లిని తక్కువ చెయ్యడం లేదు. పెద్దింటి కోడలయినా ఆడమనిషి కాబట్టే కట్టకు ఆమె ప్రాణం కావలసివచ్చింది. మాల మాదిగలను కట్ట కింద బలిచ్చిన్రని చెప్పుకునే ఊళ్లూ ఉన్నయ్. వాళ్లకు కావ్యాలు రాలేదు. ఈ కథలు జరిగినవా, కల్పించినవా అని తగువు పడొద్దు. అవి ఒక నిజం ఒప్పుకుంటున్నయ్: నీళ్లు నిలవాలంటే ఎవడో ఒకడు మట్టి కింద పోవాలె, పోయేటోడు ఎప్పుడూ బలం లేనోడే.

ఇక మన దేవత. కట్టమైసమ్మ. పేరులోనే ఉన్నది, కట్ట మీద ఉండే తల్లి. నిన్నమొన్నటిదాకా గుడి లేదు, గోపురం లేదు. వేపచెట్టు కింద ఒక రాయి, ఇంత పసుపు, ఇంత కుంకుమ. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ కట్ట కింద కూడా ఆ తల్లే ఉన్నది. తిరుపతిలో గంగమ్మ పేరు ముందు తాతయ్యగుంట ఉన్నది, అంటే అక్కడా నీళ్ల గుంటే. చెరువు నిండి మత్తడి దుంకితే యాటను కోసి పండుగ చేస్తరు. ఆషాఢంలో బోనమెత్తుతరు. బోరేసిన ఇంటికి పోతే "నీళ్లొచ్చినయా" అని అడగం, "గంగ పడ్డదా" అని అడుగుతం. బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి చేద వేసిన తర్వాతనే మళ్లీ నీళ్లకు పోతది. వానలు మొఖం చాటేస్తే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి ఆడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతరు. ఇంటామె బిందెడు నీళ్లు తెచ్చి కప్ప మీద, మోసేవాళ్ల నెత్తి మీద పోస్తది. అదే కరువుకు పెద్దలు వరుణయాగం చేసి డబ్బాల కొద్దీ నెయ్యి పొయ్యిలో పోస్తరు. యాగంతోనూ వాన రాదు, కప్పతోనూ రాదు. రుతుపవనాలతో వస్తది. బడిలో పిల్లలకు చెప్పే మాట ఇక్కడ మార్చి చెప్పం. కాని తేడా చూడండి. ఒకచోట మంత్రం తెలిసినోడికే దేవుడు వినబడతడు. ఇంకోచోట ఏ ఇంటామె బిందె అయినా చాలు.

మన తల్లులు కట్టమైసమ్మను మోక్షం అడగలేదు. కట్ట తెగొద్దు, పిల్లలకు రోగం రావొద్దు, ఇంత గింజ పండాలె. ఇదీ వాళ్ల మొక్కు. ఈ మొక్కును ఎగతాళి చేసే హక్కు మన చదువులకు లేదు. ఎందుకంటే ఆ కట్టను నిజంగా కాపాడింది మనోళ్లే. నీరటి ఎవరు? తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల మాలలు, మాదిగలు. అర్ధరాత్రి వానలో కందిలి పట్టుకొని కట్ట మీద తిరిగేది, ఎలుక బొక్కలు వెతికి పూడ్చేది, తూము ఎత్తేది, దించేది, మడిమడికీ నీళ్లు పారించేది నీరటే. కల్లంలో దులిపిన గింజలు మేరగా దొరికేవి. అయ్యా, అదే మనిషి భార్య ఊరి బావి గట్టు కింద ఖాళీ కడవ పెట్టుకొని ఎవరన్నా దయ తలచి పోసేదాకా నిలబడాలె! మా తల్లులు అట్లా నిలబడినోళ్లే. పొలానికి నీళ్లు పారించొచ్చు, బావిలో చేద వెయ్యొద్దు. వడ్లకు అంటని మైల కడవకెట్ల అంటింది? వడ్లు వదులుకుంటే దొర నష్టపోతడు, కడవ వదులుకుంటే మనం నష్టపోతం. మైల లెక్క ఇంతే.

ఇక్కడే "అమ్మవారు మనదే" అనే తమ్ముళ్లను ఒక మాట అడగాలె. అమ్మ మనదైతే ఆమె కట్ట మీద ఉండగానే బావి ఎందుకు మూసుకుపోయింది? జాతరలో డప్పు మనది, ముందు నడిచే బోనం ఎవరింటిది? ఆమె పేరు చెప్పే కదా మన ఆడబిడ్డలను జోగినులను చేసి ఊరికి ఒప్పజెప్పిన్రు! 1988లో చట్టం చేసి ఆపవలసి వచ్చింది. ఆ ఆడబిడ్డల మొఖం చూసి, అప్పుడు చెప్పండి సంస్కృతి గొప్పదని. ఇప్పుడేమో రాయికి గోపురం లేస్తున్నది, గ్రిల్లు వస్తున్నది, కమిటీ వస్తున్నది, పంతులు వస్తున్నడు. పసుపు చేత్తో అమ్మను ముట్టిన మన తల్లి గ్రిల్లు బయట నిలబడుతున్నది. గుడి పెరిగినకొద్దీ చెరువు శిఖం తరుగుతున్నది. నీళ్లు లేని కట్ట మీద నీళ్ల దేవతకు ఏం పని?

1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో ఏం జరిగింది? మాదిగలు తాగే చెరువు మెట్ల దగ్గర బర్రె కుడితి బకెట్టు కడిగితే, వద్దన్నందుకు కొట్టబోతే, ఒక తల్లి బిందె ఎత్తి అడ్డుకున్నది. అంత మాత్రానికే మరునాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపిన్రు, ఆడవాళ్లను చెరిచిన్రు. ఆ రక్తంలోంచే మన ఉద్యమం లేచింది. ఏ వరుణుడూ పాశం విసరలేదు, ఏ అమ్మా కట్ట దిగి రాలేదు. నీళ్ల దేవత ఎవరని పిల్లలడిగితే మేము బిందె ఎత్తిన ఆ తల్లిని చూపిస్తాం.

మరి చట్టాలున్నయ్ కదా అంటరు. ఉన్నయ్. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు అందరివీ అన్నది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం మనం వాడుకునే నీళ్లను పాడుచేయడం నేరమన్నది. కాని 1997లో సాగునీటి సంఘాల చట్టం వస్తే, ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే ఇచ్చింది. తరతరాలుగా తూము కాసిన నీరటికి సెంటు భూమి లేకపోతే చెరువు మీద ఓటు లేదు. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు, మంచిదే. ఆ ఒండ్రుమట్టి మాత్రం పొలమున్నోడి పొలంలోకే పోయింది.

బడి సంగతి కూడా చెప్పాలె, అది మా పని కాబట్టి. చిన్ననాడు బాబాసాహెబ్ బడిలో దాహమైతే ప్యూన్ వచ్చి కుళాయి తిప్పాలె. ప్యూన్ రాని నాడు నీళ్లు లేవు. అది పాతకాలం అనుకుందామా? 2022లో రాజస్థాన్‌లోని జాలోర్ జిల్లాలో తొమ్మిదేండ్ల దళిత పిల్లవాడు చనిపోతే, నీళ్ల కుండ ముట్టినందుకే పంతులు కొట్టిండని తల్లిదండ్రులు మొరపెట్టుకున్నరు. ఉపాధ్యాయ మిత్రులారా, మీ బడిలో కుళాయి దగ్గర ఎవరు ముందు తాగుతున్నరు, ఎవరి గ్లాసు వేరే ఉన్నది, మధ్యాహ్న భోజనం ఎవరు వండితే ఎవరు తినడం లేదు, రేపు పొద్దున చూడండి. చూసి ఊరుకోకండి.

కాబట్టి మా మాట ఇది. బోనమెత్తే తల్లిని అవమానించొద్దు, ఎత్తనంటున్న బిడ్డను బలవంతం చెయ్యొద్దు. దేవత దగ్గర ఆగకుండా నీళ్ల దాకా పోవాలె. మీ ఊరి చెరువు శిఖం ఎంత, ఎవరు కలుపుకున్నరు, రికార్డు తీయించండి. నీరటి పని చేస్తున్నవాళ్లకు కూలి కట్టించండి, సంఘంలో ఓటు అడగండి. వాడ ట్యాంకుకు నీళ్లు ఏ రోజు వస్తున్నయ్, ఊరి ట్యాంకుకు ఏ రోజు వస్తున్నయ్, నెలరోజులు నోటు పుస్తకంలో రాసి పంచాయతీ ముందు పెట్టండి. జోగిని పేరుతో ఒక్క పిల్లను కూడా గుడి మెట్లెక్కనియ్యొద్దు. వచ్చే మార్చి 20కి ప్రతి ఊరి నుంచి ఈ లెక్కలతో రండి, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

జై భీమ్!