ఆంకా పరీక్ష: పాజిటివ్ అని వస్తే ఏమైనట్టు?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక రక్త పరీక్ష గురించి. దాని పేరు ఆంకా. ఏ, ఎన్, సీ, ఏ అని నాలుగు అక్షరాలు, డాక్టర్లు కలిపి ఆంకా అని పలుకుతారు. జిల్లాల్లో చాలా ల్యాబ్‌లు ఈ పరీక్ష తాము చెయ్యవు. రక్తం తీసుకుని పెద్ద ల్యాబ్‌కి పంపిస్తాయి. రిపోర్ట్ రెండు మూడు రోజులకో, ఇంకా ఆలస్యంగానో ఫోన్‌కి వస్తది. అందులో పాజిటివ్ అని ఎర్ర అక్షరాలతో ఉంటే ఇంటిల్లిపాదీ గూగుల్ చేస్తరు. అక్కడ కనిపించేది చదివితే అన్నం సహించదు.

నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉండి ఈ వీడియోల్లోకి వచ్చినోణ్ణి. కాబట్టి మందులు చెప్పను. ఒక పరీక్ష ఎట్ల పనిచేస్తది, దాన్ని ఎంతవరకు నమ్మాలె అన్నది మాత్రం చెప్పగలను. టెస్టింగ్ మా పాత పనే కదా.

మన దిక్కు సంగతితో మొదలుపెడదాం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కొన్ని రోగాలకు జవాబు ముందే తయారుగా ఉంటది. కీళ్లు నొస్తున్నాయంటే "ఫ్లోరైడ్ నీళ్లు". దగ్గితే రక్తం పడిందంటే "టీబీ". కిడ్నీ పాడైందంటే "నొప్పి గోలీలు ఎక్కువ మింగిండు". ఈ జవాబులు ఊరికే పుట్టలేదు. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్ ఎంతమంది నడుములు వంచిందో అందరికీ తెలుసు. టీబీ దేశమంతా ఉంది. నొప్పి గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తాయన్నదీ నిజమే. ఎక్కువసార్లు ఈ జవాబులే కరెక్ట్ అవుతాయి.

కానీ ఒకే మనిషికి ఈ మూడూ కొన్ని నెలల్లోనే వరుసగా వచ్చాయనుకోండి. ముందు కీళ్ల నొప్పులు, జ్వరం, బరువు తగ్గడం. ముక్కులో పక్కులు, అప్పుడప్పుడు ముక్కు నుంచి రక్తం. తర్వాత దగ్గులో రక్తం. ఆ తర్వాత క్రియాటినిన్ పెరగడం. మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు చెప్పుకుంటాం, ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరుగుతాం. ఆ మూడింటి వెనక ఉన్నది ఒకే రోగం కావచ్చు. చిన్న రక్తనాళాల గోడలు వాచిపోవడం. దాన్ని వాస్క్యులైటిస్ అంటారు. ఆంకా పరీక్ష ఉన్నది ఇందులో ఒక రకాన్ని పట్టుకోవడానికే.

లోపల జరిగేది ఇది. మన రక్తంలో న్యూట్రోఫిల్స్ అని తెల్ల కణాలు ఉంటాయి. క్రిములు వస్తే అందరికంటే ముందు ఉరికేవి ఇవే. వీటి కడుపులో చిన్న చిన్న సంచులు, ఆ సంచుల్లో క్రిములను చంపే పదార్థాలు. అందులో రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. పీఆర్3, ఎంపీఓ. రిపోర్ట్‌లో ఈ పేర్లే వస్తాయి. కొందరి ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, ఈ రెంటిలో ఒకదాని మీద యాంటీబాడీలు తయారుచేస్తది. సమంత 2022లో తనకు మయోసైటిస్ ఉందని చెప్పినప్పుడు ఆటో ఇమ్యూన్ అన్న మాట మనోళ్లందరి నోట్లో నానింది. అది కండరాల రోగం, ఇది రక్తనాళాలది. రెంటికీ పోలిక ఒక్కటే, సొంత ఒంటి మీద సొంత ఒంటి దాడి.

ఈ యాంటీబాడీలు అంటుకున్న న్యూట్రోఫిల్స్ రెచ్చిపోయి చిన్న రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. తమ దగ్గరున్న మందుగుండంతా అక్కడే కుమ్మరిస్తాయి. సన్న రక్తనాళాలు ఎక్కువగా ఉన్న చోట దెబ్బ ఎక్కువ తగులుతది. ఊపిరితిత్తులు, కిడ్నీలు, ముక్కు, చర్మం, నరాలు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల చిన్న జల్లెడలు ఉంటాయి. ఆ జల్లెడలన్నీ రక్తనాళాల ముడులే. రోగం వాటి మీద పడితే కొన్ని వారాల్లోనే కిడ్నీ పోవచ్చు. షుగర్‌తో కిడ్నీ పాడవడానికి ఏళ్లు పడుతది. ఇక్కడ లెక్క వారాల్లో. పైగా నొప్పి ఉండదు.

ఇది అరుదైన రోగం. యూరప్ దేశాల లెక్కల్లో ఏడాదికి 10 లక్షల మందిలో సుమారు పది, ఇరవై మందికి కొత్తగా వస్తుంది. ఈ సంఖ్యను మళ్లీ వాడతా, పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు పరీక్ష. పాత పద్ధతిలో ఒక గాజు స్లైడ్ మీద ఎవరో ఆరోగ్యవంతుడి న్యూట్రోఫిల్స్‌ను ఆల్కహాల్‌తో అతికిస్తారు. దాని మీద పేషెంట్ సీరమ్ పోస్తారు. యాంటీబాడీ ఉంటే అంటుకుంటది. తర్వాత మెరిసే రంగు కలిపి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కణం అంతటా ఆకుపచ్చగా మెరిస్తే సీ-ఆంకా. కేంద్రకం చుట్టూ మెరిస్తే పీ-ఆంకా. సీ అంటే ఎక్కువగా పీఆర్3, పీ అంటే ఎక్కువగా ఎంపీఓ.

ఇక్కడొక తమాషా ఉంది. మన ఒంట్లో ఎంపీఓ కేంద్రకం చుట్టూ ఉండదు, అది కూడా ఆ సంచుల్లోనే ఉంటది. ఆల్కహాల్ తగిలినప్పుడు చోటు మారి కేంద్రకం దగ్గరికి పోతది. ఆల్కహాల్ బదులు ఫార్మలిన్ వాడితే ఎక్కడిదక్కడే ఉంటది. అంటే పీ-ఆంకా అనే ఆ బొమ్మ స్లైడ్ తయారుచేసే పద్ధతి వల్ల పుట్టింది. మా ఆఫీసులో దీన్ని బగ్ అందురు, వీళ్లు దాన్నే ఫీచర్ చేసుకున్నరు.

దీంతో ఒక చిక్కు కూడా ఉంది. ఏఎన్‌ఏ అని ఇంకో పరీక్ష ఉంది, లూపస్ లాంటి రోగాలకు చేస్తారు. అది పాజిటివ్ ఉన్నవాళ్లకు కేంద్రకమే మెరుస్తది. చూసే కళ్లకు అది పీ-ఆంకా లాగా కనిపించొచ్చు. పేగుల్లో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌లో, కొన్ని లివర్ రోగాల్లో కూడా ఇట్లాంటి మెరుపు వస్తది. అందుకే రెండో పద్ధతి, ఎలైసా. నేరుగా పీఆర్3 మీద యాంటీబాడీ ఎంత, ఎంపీఓ మీద ఎంత అని అంకెల్లో చెప్తది. 1999లో నిపుణులు కూర్చుని ముందు స్లైడ్, తర్వాత ఎలైసా అని నియమం పెట్టుకున్నారు. 2017లో దాన్ని మార్చారు. మంచి నాణ్యత ఉన్న ఎలైసా లాంటి పరీక్ష అయితే మొదటే అది చెయ్యొచ్చు, స్లైడ్ తప్పనిసరి కాదు అన్నారు. కాబట్టి మీ చేతిలో ఉన్న కాగితం మీద ఉత్త "పీ-ఆంకా పాజిటివ్" అని ఉండి, పీఆర్3, ఎంపీఓ అంకెలు లేకపోతే అది సగం పరీక్షే. మిగతా సగం చేయించాలా అని మీ డాక్టర్ని అడగండి.

ఇప్పుడు లెక్క. ఇది కాగితం మీద లెక్క, నిజమైన సర్వే కాదు. దేవరకొండలో ఒక క్యాంప్ పెట్టి, ఉత్త కీళ్ల నొప్పులున్న 1,000 మందికి ఆంకా చేశామనుకుందాం. అరుదైన రోగం కదా, వాళ్లలో ఒక్కరికి ఉందనుకుందాం. రోగం లేని 100 మందిలో 5 మందికి పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపిస్తదనుకుందాం. అంటే 50 మందికి తప్పు పాజిటివ్, ఒక్కరికి నిజం పాజిటివ్. యాభై ఇళ్లల్లో ఏడుపు ఊరికే.

అదే పరీక్షను ఇంకో 100 మందికి చేశాం. వీళ్లందరికీ దగ్గులో రక్తం, మూత్రంలో రక్తం, క్రియాటినిన్ పెరుగుతోంది. వీళ్లలో సగం మందికి రోగం ఉందనుకుందాం. పరీక్ష 50లో 45 మందిని పట్టుకుంటది. రోగం లేని 50 మందిలో ఇద్దరో ముగ్గురో తప్పు పాజిటివ్. ఇక్కడ పాజిటివ్ అంటే దాదాపు రోగమే. కిట్ మారలేదు, ల్యాబ్ మారలేదు. ఎవరికి చేశామన్నది మారింది. అందుకే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో ఆంకా కూడా కలిపి అమ్మితే నాకు ఒళ్లు మండుతది.

నెగెటివ్ వచ్చినా పూర్తిగా కొట్టేయలేం. రోగం ఒళ్లంతా పాకినప్పుడు పీఆర్3 రకంలో పది మందిలో తొమ్మిది మందికి దొరుకుతది. ముక్కు, సైనస్ వరకే ఉన్నప్పుడు చాలామందికి దొరకదు. ఆస్తమాతో పాటు వచ్చే ఇంకో రకంలో సగం కంటే తక్కువ మందికే పాజిటివ్ వస్తది. అట్లాంటప్పుడు కిడ్నీ నుంచో, ఊపిరితిత్తి నుంచో చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. చివరి మాట ఎక్కువసార్లు బయాప్సీదే.

ఇగ నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఆంకా కంటే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటి ఉంది. మూత్రం పరీక్ష. ప్రైవేటులో కూడా చాలా చోట్ల 200 లోపే అయిపోతది. మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు ఉన్నాయా, ప్రోటీన్ పోతోందా చూస్తారు. రంగు మామూలుగానే ఉండొచ్చు, కంటికి ఏమీ కనిపించదు. దానికి తోడు రక్తంలో క్రియాటినిన్. వారం కింద 1.1, ఇప్పుడు 2.0 ఉందంటే అది రేపటికి వాయిదా వేసే సంగతి కాదు. అది ఫ్లోరైడ్ మీద నెట్టేసే సంగతి అసలే కాదు. ఈ రెండు పరీక్షలూ హైదరాబాద్ పోకుండానే అవుతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ దవాఖానలు ఇప్పుడు మెడికల్ కాలేజీలకు అనుబంధం, అక్కడా చేస్తారు.

తొందర ఎందుకు అంటే ఒక పాత సంగతి చెప్తా. 1958లో ఒక బ్రిటిష్ డాక్టర్ ఈ జబ్బులో ఒక రకం పేషెంట్ల రికార్డులన్నీ పోగేసి చూశాడు. మందు లేని రోజులు. రోగం తేలినాక సగటున 5 నెలలు బతికారు. 82 శాతం మంది ఏడాది లోపే పోయారు. తర్వాత 1970లలో అమెరికాలో సైక్లోఫాస్ఫమైడ్, స్టెరాయిడ్ కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. దాన్ని నిలబెట్టిన ఇద్దరు ముగ్గురిలో ఒకరు ఆంథొనీ ఫౌచీ. అవును, కరోనా టైంలో మనం టీవీలో చూసిన ఆ పెద్దాయనే. ఇప్పుడు రిటుక్సిమాబ్ కూడా ఉంది. కానీ ఆ రోజుల్లో ఈ రక్త పరీక్ష లేదు. 1982లో ఆస్ట్రేలియాలో 8 మంది కిడ్నీ పేషెంట్లలో ఈ యాంటీబాడీని మొదట గమనించారు, ఏదో వైరస్ వల్ల అనుకున్నారు. 1985లో యూరప్ డాక్టర్లు దీన్ని ఈ రోగంతో ముడిపెట్టారు. అప్పట్లో ఆ రోగాన్ని వెగెనర్ అనే జర్మన్ డాక్టర్ పేరుతో పిలిచేవాళ్లు. ఆయన నాజీ పార్టీ మనిషని బయటపడ్డాక, 2011లో పేరు మార్చి జీపీఏ అన్నారు. పాత పుస్తకాల్లో, కొన్ని రిపోర్టుల్లో ఇప్పటికీ పాత పేరు కనిపిస్తది. రెండూ ఒకటే, కంగారు పడకండి.

టీబీ దగ్గరికి వద్దాం. మన దగ్గర అసలు ప్రమాదం ఇక్కడే. జీపీఏలో కూడా ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో గడ్డలు, గుంతలు కనిపిస్తాయి. జ్వరం, బరువు తగ్గడం, దగ్గులో రక్తం, అన్నీ టీబీ లాగానే. కళ్లె పరీక్షలో టీబీ దొరకకపోయినా చూడగానే టీబీలా ఉందని మందులు మొదలుపెడతారు. నెల, రెండు నెలలు గడుస్తాయి. ఈలోపు కిడ్నీలు పోతాయి. తిరగేసి చూస్తే అదీ ప్రమాదమే. జీపీఏ మందు రోగనిరోధక శక్తిని అణిచేది. నిజంగా టీబీ ఉన్న మనిషికి అది ఇస్తే టీబీ ఒళ్లంతా పాకుతది. పైగా టీబీ ఉన్న కొందరికి, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకిన కొందరికి కూడా ఆంకా పాజిటివ్ రావొచ్చు. ఒకదానికి మందు ఇంకోదానికి విషం లాంటిది. అందుకే ఆంకా కాగితం ఒక్కటే చూసి ఎవరూ స్టెరాయిడ్ మొదలుపెట్టొద్దు. కళ్లె పరీక్ష, సీబీనాట్, అవసరమైతే బయాప్సీ, అన్నీ కలిపి చూసే డాక్టర్ కావాలె.

ఊళ్లో ఇచ్చే సూదుల గురించి కూడా ఒక మాట. కీళ్ల నొప్పికి సూది వేయించుకుంటే రెండు రోజుల్లో లేచి పొలం పోతరు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఈ రోగం కొంచెం అణుగుతది, మానదు. లక్షణాలు దాక్కుంటాయి, డాక్టర్‌కి పట్టుకోవడం కష్టమవుతది. వేయించుకున్న సూది పేరు రాసిపెట్టుకోండి, చెప్పడానికి మొహమాటపడకండి.

దీనికి చూపించుకోవాల్సింది రుమటాలజిస్ట్‌కి, కిడ్నీ దెబ్బతింటే నెఫ్రాలజిస్ట్‌కి. పంజాగుట్ట నిమ్స్‌లో రెండు విభాగాలూ ఉన్నాయి. నల్లగొండ వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ కూడా ఉంది. దగ్గితే రక్తం ఎక్కువగా పడుతున్నా, మూత్రం తగ్గిపోయినా ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి పోండి. ఇట్లాంటి కేసుల్లో డాక్టర్లు ఆంకా రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండానే చికిత్స మొదలుపెడతారు. అది తప్పు కాదు, "రిపోర్ట్ రాకముందే మందులేంది సార్" అని గొడవ పెట్టుకోకండి.

చికిత్స అయ్యాక నెల నెలా ఆంకా చేయించి, అంకె కొంచెం పెరిగితే భయపడేవాళ్లు ఉంటారు. అంకె ఒక్కటి పెరిగినంత మాత్రాన మందు మార్చరు. మూత్రం, క్రియాటినిన్, ఒంట్లో లక్షణాలు కలిపి చూస్తారు. పీఆర్3 రకంలో రోగం తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్లు ఫాలోఅప్ తప్పొద్దు.

హైదరాబాద్ పోయేటప్పుడు ఒక ఫైల్ పెట్టండి. పాత క్రియాటినిన్ రిపోర్టులు తేదీ ప్రకారం, మూత్రం రిపోర్ట్, ఎక్స్‌రే ఫిల్మ్, వాడిన గోలీల ఖాళీ స్ట్రిప్పులు. థైరాయిడ్‌కి వాడే ప్రొపైల్‌థయోయురాసిల్, బీపీకి వాడే హైడ్రలజీన్ వంటి కొన్ని మందుల వల్ల కూడా ఆంకా రావొచ్చు, అందుకే స్ట్రిప్పులు. వాట్సాప్‌లో ఫొటో ఉంది కదా అని కాగితం ఇంట్లో పెట్టిపోకండి, ఓపీలో సిగ్నల్ దొరకదు.

ఏఎన్‌ఏ పరీక్ష గురించి ఇవాళ సగమే చెప్పిన, వచ్చే ఎపిసోడ్ దాని మీదనే. ఉంటా మరి.