ఖాళీల లెక్క మనకూ తెలియాలి

(వెంకటగిరికోటలో యువజనులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వోద్యోగం మాట రాగానే మన ఇండ్లలో 'రిజర్వేషన్ ఉన్నదా?' అన్న ప్రశ్నే ముందుకు వస్తుంది. గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందిన మేము అంతకుముందే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నదని మనవి చేస్తున్నాము. అసలు ఎన్ని కొలువులు ఉండబోతున్నాయి? ఆ లెక్క ఎవరు వేస్తున్నారు?

2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు ఆరంభమయ్యాయి. సుమారు పదిహేను వేల సచివాలయాలలో లక్షకు మించిన నియామకాలు జరిగాయి. 2025 జనవరిలో ప్రభుత్వం సిబ్బంది లెక్కను తిరగవేసింది. జనాభా 2,500 వరకు ఉన్నచోట ఆరుగురు, 3,500 వరకు ఏడుగురు, ఆపైన ఎనిమిదిమంది అని నిర్ణయించింది. ఒక పట్టికలో అంకెలు మారాయి, అంతే. రేపటి అభ్యర్థుల అవకాశాలూ వాటితోపాటే మారాయి.

పదవీ విరమణ వయస్సు సంగతీ ఇంతే. అది 2014లో 58 నుండి 60కి, 2022లో 60 నుండి 62కి పెరిగింది. పెంచిన ప్రతిసారీ రెండేండ్లపాటు విరమణ ఖాళీలు దాదాపు ఆగిపోయాయి. పనిలో ఉన్నవారికి అది మేలే. వయోపరిమితి అంచున నిలిచిన బిడ్డలు మాత్రం బెంగళూరు బస్సు ఎక్కారు.

ఇక రిజర్వేషన్. 2007 నాటి చట్టం బీసీ-ఇ వర్గానికి నాలుగు శాతం కేటాయించింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వలన అది కొనసాగుతున్నది. రోస్టరు తొలి నూరు పాయింట్లలో 19, 44, 69, 94 స్థానాలు మనవి. కొత్త కేడరులో పద్దెనిమిది పోస్టులే మంజూరైతే మన మొదటి పాయింటు తదుపరి నియామకం వరకు రాదు. శాతం చట్టంలో ఉన్నా, కొలువు ఖాళీల సంఖ్యపై ఆధారపడి ఉన్నది. ప్రజలలో 13.4 శాతంగా ఉన్న ముస్లింలు రైల్వే ఉద్యోగులలో 4.5 శాతమేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏటా ఖాళీల నివేదిక పైకి పంపడం మా విధి. ఒక ఏడు, రానున్న విరమణల గడిని నింపక, గతేటి పట్టికకే నకలు తీసి పంపాము. ఆ గడి వెనుక ఎవరి బిడ్డ ఎదురుచూస్తున్నదో నాడు తలచలేదు. ఇట్టి గడులను ఎవరూ అడగకపోతే అవి ఖాళీగానే మిగులుతాయి.

కనుక మూడు పనులు చేద్దాం. మొదటిది, సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్యాలయాల నుండి మంజూరైన పోస్టులు, ఖాళీలు, రానున్న మూడేండ్ల విరమణలు, రోస్టరు రిజిస్టరు వివరాలు కోరుదాం. రెండవది, నోటిఫికేషన్ రాకముందే కులధ్రువీకరణ పత్రాలు సిద్ధం చేయిద్దాం. బీసీ-ఇ జాబితాలో లేని సయ్యద్, పఠాన్ వంటి కుటుంబాలలోని పేదలు ఇ.డబ్ల్యు.ఎస్. పత్రం కోసం దరఖాస్తు చేయాలి. మూడవది, స్త్రీలకు మూడవ వంతు కేటాయింపు ఉన్నది గనుక ఆడబిడ్డల చదువును మధ్యలో ఆపవద్దు.

హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం కరవు రాకముందే ఏడేండ్ల పంటను లెక్కగట్టి నిలువ చేయించారు. అట్టి ముందుచూపును అల్లాహ్ మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.