గృహస్థుని ఆరవ సూన

 

గృహస్థాశ్రమ ధర్మములను గూర్చి ఈ సన్నిధిలో కొన్ని దినములుగా చెప్పుకొనుచున్నాము. నిన్న పంచమహాయజ్ఞముల పేర్లు చెప్పి విడిచితిమి. ఆ యజ్ఞములు గృహస్థునకు ఎందులకు విధింపబడినవో నేడు చెప్పి, ఆ కారణమును పట్టుకొని మన వంటయింటిలోనికి ఒకమారు తొంగిచూడవలెనని మా సంకల్పము. చూడబోవునది ప్లాస్టిక్కు కవరును. దేవాలయ మంటపమున కూర్చుండి వేదపండితుడు ముచ్చటింపవలసిన వస్తువా ఇది అని కొందరికి తోచవచ్చును. కొంచెము ఓపికతో వినుడు.

మనుస్మృతి మూడవ అధ్యాయమున గృహస్థుని యింట ఐదు సూనలు కలవని చెప్పబడినది. సూన అనగా ప్రాణులు వధింపబడు చోటు. అవి యేవి? పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ల కుండ. ఇందులో ఒక్కటియు ఆయుధము కాదు. పొయ్యిలో పెట్టిన కట్టెతోపాటు అందలి పురుగు కాలును. చీపురు క్రింద చీమ నలుగును. కుండ దించినచోట ఏదో యొక చిన్నప్రాణి అణగును. ఇల్లాలికి చంపవలెనను తలంపు లేదు. ఐనను చచ్చిన ప్రాణి చచ్చినదే. తెలియక జరిగినది గదా అని ఋషులు వదలివేయలేదు. అట్లని వంట మానుమనియు చెప్పలేదు. దినదినమును ఆ దోషము తొలగుటకు ఐదు యజ్ఞములు చేయుమనిరి. వేదాధ్యయనము, పితరులకు తర్పణము, దేవతలకు ఆహుతి, భూతములకు బలి, అతిథికి అన్నము. మన యిండ్లలో భోజనమునకు ముందు కాకికి ముద్ద, ఆవునకు గోగ్రాసము పెట్టు ఆచారము ఈ భూతయజ్ఞమునకు చెందినదే.

ఇందలి సూక్ష్మమును గమనింపుడు. హింసను వెదకుటకు మన పెద్దలు అడవికి పోలేదు, కసాయి దుకాణమునకు పోలేదు. నిత్యము చేత పట్టుకొను సామాన్యవస్తువులలోనే దానిని చూచిరి. ఆ దృష్టితోనే చూచినచో, మన కాలమున వంటయింటికి ఆరవ సూన ఒకటి వచ్చి చేరినది. దానికి పొయ్యివలె వేడి లేదు, రోకలివలె బరువు లేదు. గాలికి ఎగురునంత తేలిక. కూరగాయల దుకాణమునుండి ఇంటికి వచ్చు పావుగంట సేపు దానికి పని. ఆ పిమ్మట దానికి చావు లేదు.

గోగ్రాసము మాట వచ్చినది కనుక అక్కడినుండియే చెప్పెదము. పూర్వము పెరటిలో కుడితి తొట్టి యుండెడిది. బియ్యము కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము అందులో పడెడివి. పాడి లేనివారు పొరుగువారి తొట్టిలో పోసి వచ్చెడివారు. నేడు అదే అన్నమును, అవే తొక్కలను ఒక కవరులో వేసి, కంపు బయటకు రాకుండ మూతికి గట్టిగా ముడివేసి, వీధి చివర కుప్పమీదికి విసరుచున్నాము. ఆవు వచ్చును. లోపలి అన్నపు వాసన దానికి తెలియును. ముడి విప్పుటకు దానికి చేతులు లేవు. ఆవు మేతను నాలుకతో చుట్టి లాగి, అంతగా నమలకయే మ్రింగి, తీరికగా నెమరువేయు జంతువు. తినదగినదేదో, కవరేదో ఏరి ఉమ్మివేయు నేర్పు దాని నోటికి లేదు. కవరు కవరుగనే లోపలికి పోవును. ఆవు కడుపున నాలుగు అరలు. మొదటి పెద్ద అరలో అది నిలిచిపోవును. అరగదు, నెమరుకు రాదు, పేడతో వెడలదు. ఒకటి కొకటి చుట్టుకొని, నడుమ త్రాళ్లు చేరి, గట్టి ముద్దయగును. మేతకు చోటు తగ్గిపోవును. కడుపు నిండుగా కనబడుచు ఆవు ఆకలితో చిక్కిపోవును. పొట్ట కోసి తీయుట తప్ప వేరు మార్గము లేదు.

2021 ఫిబ్రవరిలో హర్యానా రాష్ట్రమున ఫరీదాబాదులో, బండి తగిలి పడిపోయిన ఒక వీధి ఆవునకు వైద్యులు శస్త్రచికిత్స చేసిరి. అది చూలు ఆవు. దాని కడుపునుండి 71 కిలోల చెత్త బయటపడినది. అందులో అధికభాగము ప్లాస్టిక్కు. ఆవును దక్కలేదు, దూడయు దక్కలేదు. మన పుట్టపర్తి ప్రాంతమున జంతుసంరక్షణ చేయు కరుణా సొసైటీ అను సంస్థవారు తమ వద్దకు చేరిన ఆవుల కడుపులలో ఇదే చూచి, 2012లో కవర్ల విషయమై సర్వోన్నత న్యాయస్థానమునకు వెళ్లిరి. వంటయింటిలో వేసిన ముడి ఢిల్లీ దాకా పోయినది. గృహప్రవేశమున ఆవును ముందు నడిపించి, పసుపుకుంకుమలు పెట్టి, నమస్కరించి లోపలికి పోవువారము మనమే. ఆ సాయంకాలము విందులో మిగిలినదంతయు పెద్ద నల్లకవర్లలో మూటలు కట్టి వీధిలో పెట్టువారమును మనమే. ఈ ప్రసంగములో ఒక్క మాటయే మీ యింటికి చేరునదైనచో ఈ మాట చేరవలెనని మా కోరిక: తినదగినదేదియు కవరులో పెట్టి ముడివేయకుడు.

ఇక ద్రవ్యశుద్ధి. ఏ వస్తువునకు ఏది శుద్ధియో మనుస్మృతి ఐదవ అధ్యాయమున ఉన్నది. రాగి, ఇత్తడి మొదలగు లోహములకు బూడిద, పులుపు, నీరు. కొయ్యకు చెక్కుట. మట్టిపాత్రకు మరల కాల్చుట. చింతపండుతో బిందె తోమిన మన తల్లులు ఆ అధ్యాయము చదివి తోమలేదు, కాని ఆచరించిరి. పలుచని కవరునకు ఏ శుద్ధి చెప్పుదుము? పాతిపెట్టినచో మట్టి దానిని తినదు. ఎండకు పెళుసై తునుకలగును. తునుకలు కంటికి కనబడని రేణువులగును. ఆ రేణువులు నీటిలోను, ఉప్పులోను కనబడినవి. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మనుష్యుల రక్తమునందు సైతము వానిని కనుగొనిరి. కవర్లు చేయు పాలిథీన్ 1933లో ఇంగ్లండు దేశమున మొదట కనుగొనబడినది. అంతకంటె ముసలి రాగిచెంబులు మీ యటకల మీద ఎన్నియో ఉండవచ్చును.

పోనీ, అగ్నికి అప్పగింతమా? సర్వమును పావనము చేయువాడు గనుక అగ్నికి పావకుడని పేరు. ఈ వస్తువును అంటించినచో ఆ పావకుని పొగయే విషమగుచున్నది. పైపులు, రెక్సిను మొదలగువానిలో నుండు పి.వి.సి. వంటి ప్లాస్టిక్కులు బహిరంగమున కాలినపుడు డయాక్సిన్లు అను మహావిషములు పుట్టును. ఆ పొగను మొదట పీల్చునది పొయ్యి ముందు కూర్చున్న తల్లియు, ఆమె ప్రక్కనున్న బిడ్డయు. నీళ్లపొయ్యి రాజేయుటకు కవరు ముక్క అంటించు అలవాటు ఇంకను కొన్ని యిండ్లలో కలదు. భోగినాడు మరింత. పిడకలు, పాతకట్టెలు వేయవలసిన మంటలో విరిగిన ప్లాస్టిక్కు కుర్చీలను, పాత టైర్లను వేయుచున్నారు. అగ్ని దేవతలకు ముఖమని నమ్మువారము ఆ ముఖమున పెట్టుచున్నది అది.

నీటి విషయమును క్లుప్తముగ చెప్పెదము. సూర్యనమస్కారములతో పారాయణ చేయు అరుణప్రశ్నము తైత్తిరీయారణ్యకములోనిది. నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు అను నియమములు అందే కలవు. ఉమ్మి నీటిలో కలిసిపోవు వస్తువు, దానినే కూడదనిరి. బస్సు గోదావరి వంతెన దాటుచుండగా నిర్మాల్యమును కవరుతో సహా కిటికీనుండి నదిలోనికి విసరి నమస్కరించువారు కలరు. పూవులు కొన్నినాళ్లలో కుళ్లిపోవును. కవరు నిర్మాల్యము కాదు; దానిని ఏ దేవునికి ఎవరు సమర్పించిరి? ఇంటి నిర్మాల్యమునకు నదియే కానక్కరలేదు, ఎవరును త్రొక్కని చెట్టు మొదట వేసిన చాలును. గోదావరీ పుష్కరములు 2015లో జరిగినవి; పన్నెండేండ్ల లెక్కకు 2027లో మరల. అప్పుడు దీపము విడుచువారు అరటిదొప్పలో విడువుడు.

పూజలోనికే ఇది ఎట్లు చొరబడినదో చూడుడు. వినాయకచవితికి ఇరువదియొక్క పత్రములకై పిల్లలు గట్లవెంట తిరిగి, మాచిపత్రి యేదో, ఉత్తరేణి యేదో గుర్తుపట్టి తెచ్చెడివారు. నేడు అన్నియు కలిపి కవరులో అమ్ముచున్నారు. ఏది యేదియో అమ్మినవానికి తెలియదు, కొన్నవానికి తెలియదు. ద్వారమునకు ప్లాస్టిక్కు మామిడితోరణము ఏడాది పొడవున దుమ్ముపట్టి వ్రేలాడుచుండును. మామిడాకు వాడును గనుకనే పండుగ పండుగకు కొత్తది కట్టుదుము. వాడని తోరణమునకు పండుగ ఎన్నడు వచ్చినదో ఏమి తెలియును? శ్రావణమాసపు వాయినము శనగలను కొంగున పోయించుకొనెడివారు. ఇప్పుడు ప్రతి ముత్తైదువకు ఒక కవరు, అందులో ఒక ప్లాస్టిక్కు డబ్బా. అమ్మలారా, ఎవరును కుట్టించుకొనని రవికగుడ్డలు మీ బీరువాలలో మూలుగుచున్నవి గదా! ఒక యింటినుండి మరియొక యింటికి తిరిగి తిరిగి కొన్ని మీ యింటికే వచ్చినవని విన్నాము. వానిని చిన్న సంచులుగా కుట్టించి అందులో శనగలు పోసి యిండు. ఆ సంచి మరునాడు కూరగాయలకు పోవును.

ప్రభుత్వము తన పని కొంత చేసినది. ప్లాస్టిక్కు గ్లాసులు, పళ్లెములు, చెంచాలు, అలంకారపు థర్మోకోలు, మిఠాయి పెట్టెలపైనను శుభలేఖలపైనను చుట్టు పలుచని పొర మొదలగువానిని 2022 జులై 1 నుండి దేశమంతట నిషేధించినది. అదే సంవత్సరము డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటె పలుచని సంచులు కూడదన్నది. తిరుమలకొండపై 2022 జూన్ 1 నుండి ప్లాస్టిక్కు మానవలెనని దేవస్థానమువారు కట్టడి చేసిరి. కొండపై నియమము పాటించిన భక్తుడే కొండ దిగగానే చేయి చాచి కవరు పుచ్చుకొనును. స్వామి కొండపై మాత్రమే చూచునని కాబోలు!

ప్లాస్టిక్కు అంతయు పాపమని మేము చెప్పబోము. ఇత్తడి బిందెతో మైళ్లు నడచిన స్త్రీకి ప్లాస్టిక్కు బిందె వచ్చి నడుము నొప్పి తగ్గించినది. వైద్యశాలలో నెత్తురెక్కించు సంచి, సెలైను గొట్టము ప్రాణములు నిలుపుచున్నవి. పదేండ్లు వాడు బకెట్టును ఎవరు నిందింతురు? మా మాట ఒక్క పూట వాడి పారవేయుదానిని గూర్చియే. మేము పాఠశాలలో చదువుకొను కాలమున, 1960 తరువాతి సంవత్సరములలో, నూనెకు సీసా, పాలకు చెంబు, పప్పులకు గుడ్డసంచి పట్టుకొని పనసలు వల్లించుకొనుచు అంగడికి పోయెడివారము. చింతపండు పొట్లమునకు కట్టిన దారమును సైతము గురుపత్ని విప్పి ఉండగా చుట్టి దాచెడివారు. ఆ దినములు లేమిలో గడచినవే, బంగారుకాలమని పొగడము. కాని ఆ యింట పారవేయుటకు మిగులునది దోసెడు బూడిద మాత్రమే.

కనుక బజారుకు పోవు చేతికి సంచి, హోటలునుండి సాంబారు తెచ్చుటకు స్టీలు క్యారేజీ, ప్రయాణమునకు నీళ్ల చెంబో సీసాయో ఉండవలెను. సంచిని తలుపు వెనుక మేకునకు తగిలింపుడు. బీరువాలో పెట్టిన సంచి అంగడికి పోదు. పాలపొట్లమును కత్తిరించునపుడు మూలను పూర్తిగ తెగకోయక అంటియుండనిండు. ఆ చిన్నముక్క చీపురుకు అందదు, ఏరుకొనువారికి అందదు, కాలువకు మాత్రము అందును. పొట్లమును కడిగి ఆరవేసినచో పాతసామాన్లవాడు కొనును. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయుడని మునిసిపాలిటీవారు చెప్పుచున్నది దీనికొరకే.

శుభకార్యములలో కాగితపు గ్లాసు పెట్టితిమని తృప్తిపడకుడు. దాని లోపల పలుచని ప్లాస్టిక్కు పూత ఉండును. లేనిచో అందులో కాఫీ నిలువదు. స్టీలు గ్లాసులు అద్దెకు దొరకును, కడుగుటకు ఒకరికి కూలి దొరకును. విస్తరికి అరటియాకు, మోదుగాకు, మర్రియాకు ఉన్నవి. విశాఖ, శ్రీకాకుళపు మన్యములలో గిరిజనులు అడ్డాకు కోసి తెచ్చి పుల్లలతో విస్తళ్లు కుట్టుదురు. ఆ డబ్బు ఆ కొండయిండ్లకు చేరును, తిని పడవేసిన విస్తరి మట్టిలో కలియును.

రేపటి సాయంకాలము మనుష్యయజ్ఞమును, అనగా అతిథిపూజను గూర్చి చెప్పుకొందము. నేటి పులిహోర ప్రసాదమును ఆకు దొన్నెలలో పెట్టి యిచ్చుచున్నారు. తినిన దొన్నెలను పాకశాల వెనుకనున్న ఎరువుగుంటలో వేయుడు. ఇంటికి తీసికొనిపోవు తల్లులు గిన్నె తెచ్చియున్నచో ముందు వరుసలోనికి రండు.

స్వస్తి.